ఖాళీ చేతులతో వెళ్ళకూడదు

రాజోలు,
జూన్ 9.

అన్నయ్యకు,

వందనాలు. నీ మోకాలు ఎలా ఉంది? ముందు దానికి జవాబు రాసి, తరవాత లోకం మీద పడు.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిది కూడా దాని దారే పట్టింది. ఫోనులో నువ్వు తిడుతున్నావో దీవిస్తున్నావో తెలియడం లేదు. కాగితం మీదయితే తిట్టావని ఖాయంగా తెలుస్తుంది.

మా పక్కింటి వీరవేణి నీకు గుర్తుందా? కిందటేడు నువ్వు వచ్చినప్పుడు పీతల పులుసు తెచ్చిపెట్టింది, ఉప్పెక్కువని నువ్వు ఉప్పు చరిత్ర అంతా చెప్పావు, ఆమె. వాళ్ళాయన కనకరాజు పీచు మిల్లులో పని. కాయ వలిచాక మిగిలిన కొబ్బరి డొక్కలు ఎత్తి మిషనులో వేస్తాడు. మొన్న ఫిబ్రవరిలో బెల్టు చొక్కా పట్టుకుని లాగేసింది. కుడి భుజం. మిల్లువాళ్ళే ఆసుపత్రిలో చేర్పించారు, కాదనను. ఆ మిల్లువాళ్ళ డాక్టరే ఇప్పుడు 'నష్టం అయిదు శాతం, పాత పని చేసుకోవచ్చు' అని కాగితం ఇచ్చాడు. దాన్ని పట్టుకుని ఓనరుగారు పనిలోకి రా, లేకపోతే మానుకో అంటున్నాడు.

కార్మిక శాఖ ఆఫీసులో నష్టపరిహారం కేసు వేశారు. వాళ్ళ వకీలు మోహన్ గారు మంచి మాట చెప్పాడు. మన వైపు డాక్టరు కాదట కావలసింది, ఎవరి వైపూ కాని డాక్టరు. ఆయన చూసి, భుజం ఎంత పోయిందో, సంపాదన ఎంత పోయిందో రాసిస్తే కేసు వినే కమిషనరు గారు నమ్ముతారు. ఆగస్టులో విచారణ. ఆ కాగితం సరిగ్గా రాకపోతే కనకరాజు మళ్ళీ ఆ బెల్టు ముందే నిలబడాలి. ఇప్పుడు తల కూడా దువ్వుకోలేడు, వీరవేణి దువ్వుతుంది.

ఇంకో చిక్కు. ఎవరు ఎలా ఉందని అడిగినా 'పర్లేదండి, బాగానే ఉందండి' అంటాడు. మిల్లు డాక్టరు అడిగినప్పుడూ అదే అన్నాడట.

కోనసీమలో నీకు తెలియని డాక్టరు లేడు, నీతో గొడవపడని డాక్టరూ లేడు. ఒక మంచివాణ్ణి చూసి రాయి.

నీ చెల్లెలు
జయమ్మ


అమలాపురం,
జూన్ 16.

జయమ్మకు,

మోకాలు గుర్రంలా ఉంది. ఆ విషయం వదిలెయ్.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మూడోసారి ఆనందం కోసం చదివాను. కనకరాజు భుజం పోయినందుకు కాదు, నన్ను ఒకరు సలహా అడిగినందుకు. కాలేజీలో రిటైరయ్యాక నన్ను ఏదైనా అడిగేవాళ్ళు రెండే రకాలు. గ్యాసు బండ తెచ్చేవాడు ఓటీపీ అడుగుతాడు. పింఛను ఆఫీసువాళ్ళు ఏడాదికోసారి ఇంకా బతికున్నావా అని అడుగుతారు. రెండో ప్రశ్నకి జవాబు చెప్పినప్పుడు వాళ్ళ మొహంలో సంతోషం కనిపించదు.

స్వతంత్ర పరీక్ష అనే దాని గురించి లైబ్రరీలో కూర్చుని చాలా చదివాను. వైద్యం చేసినవాడు తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే తన వైద్యం ఫలించలేదని ఏ వైద్యుడూ రాయడు. డబ్బిచ్చేవాడి బల్ల మీద భోజనం చేసేవాడు చెప్పకూడదు, ఎందుకంటే పులుసు నాలిక మీద ఉండగా నిజం బయటికి రాదు. ఇక్కడివరకూ లోకంలోని పెద్దలంతా నాతో ఏకీభవిస్తున్నారు. ఇక మన ఊళ్ళోకి వద్దాం.

గడియార స్తంభం వైపు ఉన్నాయన నా దగ్గర ఇంటరు చదివాడు. పరీక్షలో కాపీ కొడుతూ, తన పక్కవాడు తన కాగితం చూస్తున్నాడని నాకే ఫిర్యాదు చేశాడు. అలాంటివాడు రేపు నొప్పి కనకరాజుకి కాదు, బెల్టుకి అని రాస్తాడు. బస్టాండు దగ్గరాయనకి డిగ్రీలెక్కువ, బోర్డు చాలక గోడ మీదికి దిగాయి. ఒకసారి దగ్గు చూపించుకుందామని వెళితే, రోగులందరి ముందూ 'తాతా, నాలిక చాపు' అన్నాడు. చాపాను. ఆ అవమానం ఇంకా నాలిక మీదే ఉంది. మన చర్చికి వచ్చే డాక్టరు నిజంగా మంచివాడు, చెయ్యి కూడా మంచిది. కానీ సంఘం ఎన్నికల్లో నాకు ఓటు వెయ్యలేదు. నేను ఓడిపోయింది ఒక్క ఓటుతో కాదు, చాలా ఓట్లతో. అయినా అందులో ఒకటి అతనిదే కదా.

కాబట్టి పరిశోధన ముగిసింది. కోనసీమలో స్వతంత్రుడైన వైద్యుడు లేడు. విశాఖపట్నం నుంచి తెప్పించాలి.

అన్నయ్య
సీమోను


రాజోలు,
జూన్ 23.

అన్నయ్యకు,

మోకాలు గుర్రంలా ఉందన్నావు. మన తాతగారి జట్కా గుర్రం నాకు గుర్తుంది, చివరి రోజుల్లో దాన్ని ఇద్దరు పట్టుకుని లేపేవారు. ఆ గుర్రమేనా?

నువ్వు డాక్టర్లని పరీక్షించలేదు. నీకు తగిలిన దెబ్బలు నెమరు వేసుకున్నావు. డాక్టరు నిన్ను తాతా అంటే కనకరాజు భుజానికి ఏమిటి సంబంధం?

నేను ముప్పై ఏళ్ళు వార్డులో డాక్టర్ల పక్కన ట్రే పట్టుకుని నిలబడ్డాను. మంచివాడెవరో ట్రే పట్టుకున్నవాళ్ళకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. చొక్కా విప్పించాడా? రెండు భుజాలూ పక్కపక్కన చూశాడా? తన చేత్తో ఆ చెయ్యి ఎత్తి చూశాడా, లేకపోతే ఎక్స్‌రే లైటుకి ఎత్తి 'ఊఁ' అన్నాడా? నువ్వు చేసే పనేమిటని అడిగాడా? టైపు కొట్టేవాడికి సరిపోయే భుజం డొక్కలెత్తేవాడికి సరిపోదు. రాసినదానికి కారణం కూడా రాస్తాడా, కమిషనరు పిలిస్తే వచ్చి నిలబడి చెబుతాడా? ఫీజు ముందే తీసుకుంటాడా? కాగితం చూశాక ఇచ్చే ఫీజుని మా ఆసుపత్రిలో వేరే పేరుతో పిలిచేవారు.

ఇవన్నీ ఉన్న మనిషి నాకు తెలిసి ఒక్కడే. పలివెలలో ఉంటున్న సుభాష్ గారు. సర్కారు ఆసుపత్రిలో ఎముకల డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. పేరు చూడగానే కాగితం విసిరేస్తావని తెలుసు. తీసి మళ్ళీ చదువు.

జయమ్మ


అమలాపురం,
జులై 2.

జయమ్మకు,

విసిరాను. వంగి తీసుకోవడానికి కొంతసేపు పట్టింది. కారణం నడుము, మోకాలు కాదు.

సుభాష్. నా కాలువల చరిత్ర పుస్తకం ఆవిష్కరణకి ఆయన్ని నేనే పిలిచాను. నేనే శాలువా కప్పాను. ఆయన మైకు పట్టుకుని 'మాస్టారు చాలా చదివేరండి. చదివిందంతా మొదటి నలభై పేజీల్లో పెట్టేరండి. అవి తీసేస్తే పుస్తకం బతుకుతుందండి' అన్నాడు. సభ నవ్వింది. నేనూ నవ్వాను, శాలువా ఆయన మీద ఉంది కాబట్టి వెనక్కి లాక్కోలేక. ఆ పుస్తకం కట్టలు ఇప్పుడు నా మంచం కింద ఉన్నాయి. చెదలు పట్టాయి. చెదలు కూడా మొదటి నలభై పేజీల దగ్గరే ఆగిపోయాయి. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మూడు రోజులు కోపంగా ఉన్నాను. నాలుగో రోజు ఒక ఆలోచన వచ్చింది. కప్పిన శాలువా వెచ్చగా ఉండగానే కప్పినవాడి పుస్తకం బాగోలేదన్న మనిషి, మిల్లు ఓనరుకి గాని నీకు గాని భయపడతాడా? ఆటో ఎక్కి పలివెల వెళ్ళాను.

ఆయన వరండా ఎత్తు. నేను మెట్లు ఎక్కుతుంటే పైన నిలబడి చూస్తూ ఉన్నాడు. చెయ్యి అందించలేదు. అహంకారం.

“గుర్తున్నానా అండి?” అన్నాను.

“ఆయ్, కాలువల మాస్టారు. రండి కూర్చోండి. ఆ నలభై పేజీలూ ఇంకా అలాగే ఉన్నాయాండి?”

ఆ మాట మింగాను. కేసు సంగతి చెప్పాను. మా వాడి భుజం అరవై శాతం పోయి ఉంటుందన్నాను.

“మీరు చూసేరా?”

“చూడలేదండి.”

“నేనూ చూడలేదండి. చూసేక చెబుతాను.”

“ఎవరి తరఫున వచ్చానని అడగరేమిటండి?”

“ఎందుకండి? అయిదుంటే అయిదు రాస్తాను. మూడుంటే మూడే రాస్తాను. అప్పుడు నన్ను తిట్టడానికి మీరు మళ్ళీ ఈ మెట్లు ఎక్కాలి.”

ఫీజు ముందే తీసుకుని రసీదు ఇచ్చాడు. ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రేలు, మిల్లు డాక్టరు రాసింది, అన్నీ తెమ్మన్నాడు. తను రాసింది మన చేతికివ్వడట, సీలు వేసి నేరుగా ఆఫీసుకి పంపుతాడట. జయమ్మా, నీ ట్రే పరీక్షలో ఈయన నెగ్గాడు. నాకు ఎంత బాధగా ఉందో ఊహించుకో.

ఒక్కటి మాత్రం నా సొంతంగా చేర్చాను. వచ్చే శనివారం కనకరాజుని ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళమను. వినయంగా మాట్లాడమను. ఖాళీ చేతులతో వెళ్ళకూడదు. మా పెరట్లో చక్కెరకేళి అరటి గెల పక్వానికొచ్చింది, దారిలో మా ఇంటి దగ్గర దిగి పట్టుకెళ్ళమను. లంచం కాదు, మర్యాద. మన నాన్న చావింటికి వెళ్ళినా చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వెళ్ళేవాడు.

అన్నయ్య


రాజోలు,
జులై 14.

అన్నయ్యకు,

నీ గెల మా వంటింట్లో వేలాడుతోంది.

వీరవేణి కూడా వెళ్ళింది కాబట్టి జరిగింది మొత్తం తెలిసింది. నాకు చెవిలో చెప్పింది, అంటే మా వీధికంతా చెప్పింది.

పలివెలలో బస్సు దిగి నడిచారు. గెల తను పట్టుకుంటానంటే కనకరాజు ఇవ్వలేదట. మాస్టారు నా చేతికిచ్చేరు, నేనే ఇయ్యాలి అన్నాడట. డాక్టరుగారు వరండాలోనే ఉన్నారు. కుడి భుజం పనికిరాదని కేసు వేసిన మనిషి, ఆయన కళ్ళముందు, వీధి మలుపు దగ్గర్నుంచి గెల మోసుకుంటూ వచ్చాడు అన్నయ్యా.

“ఎవరు పంపేరిది?” అని అడిగారట.

“సీమోను మాస్టారండి. పెద్దవాళ్ళ దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్ళకూడదన్నారండి.”

డాక్టరుగారు కాసేపు కళ్ళు మూసుకున్నారట. “ఇది తిరిగి వెళ్ళిపోతుందని మాస్టారికి చెప్పండి. గెల వచ్చిందని, తిప్పి పంపేనని కూడా రాస్తాను” అన్నారట.

తరవాత పరీక్ష. వీరవేణిని బయట కూర్చోమన్నారు. కిటికీలోంచి మాటలు వినపడుతున్నాయి.

“ఇక్కడ నొప్పి ఉందా?”

“పర్లేదండి.”

“ఇంత ఎత్తితే?”

“తమ దయవల్ల బాగానే ఉందండి.”

“ఇప్పుడో?”

“ఆయ్, ఏం లేదండి. తమరు శ్రమ పడకండి.”

వీరవేణి బయట నుదురు కొట్టుకుంది. చాలాసేపు చూశారట, టేపుతో కొలిచారట, పనిలో ఏమేం చేస్తావో చేసి చూపించమన్నారట. ఇంటికొచ్చాక ఆమె అడిగింది, నొప్పి లేదని ఎందుకన్నావయ్యా అని. “అంత పెద్దాయన అలా చెయ్యి పట్టుకుని అడుగుతుంటే నొప్పంటే బాగోదు కదే” అన్నాడు.

ఇప్పుడు కమిషనరు గారు చదవబోయేది ఏమిటి? భుజం పోయిందన్నవాడు గెల మోశాడు. నొప్పి లేదని తనే చెప్పాడు. పైగా డాక్టరుకి కానుక తెచ్చాడు. మిల్లువాళ్ళు ఇంతకంటే ఏం కోరుకుంటారు?

ఒక్కటి అడుగుతాను. నువ్వు గెల చేతికిచ్చినప్పుడు వాడు దాన్ని ఎలా ఎత్తుకున్నాడో చూశావా?

జయమ్మ


అమలాపురం,
జులై 19.

జయమ్మకు,

చూడలేదు. నేను మాట్లాడుతున్నాను.

పరీక్షకుడి స్వాతంత్ర్యం గురించి వాళ్ళిద్దరినీ గుమ్మంలో నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోనివాడే నిజమైన సాక్షి అని గట్టిగా చెప్పి, ఆ సాక్షికి ఇమ్మని గెల చేతిలో పెట్టాను. ఇన్ని పుస్తకాలు చదివినవాడికి రెండు వాక్యాల మధ్య ఉన్న గొయ్యి కనిపించలేదు. కనకరాజు 'ఆయ్, ఆయ్' అంటూ విన్నాడు. అంత చక్కగా వినేవాళ్ళు నాకు దొరకడం అరుదు. భుజం వైపు చూస్తే వాక్యం తెగిపోతుంది కదా.

డాక్టరుకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. గెల నాదని, కనకరాజుకి ఏ పాపం తెలియదని. జవాబు లేదు.

ఈసారి నువ్వు మోకాలు సంగతి అడగలేదు. అంటే నిజంగా కోపం వచ్చిందన్నమాట.

సీమోను


రాజోలు,
జులై 26.

అన్నయ్యకు,

గెల చాలక ఉత్తరం కూడానా? ఇక ఆయనకి ఏమీ పంపకు. క్రిస్మస్ కార్డు కూడా.

కోపం లేదు. గెల పండింది, వీధి పిల్లలంతా తిన్నారు, నేనూ రోజూ తింటూ నిన్ను తలచుకున్నాను. వీరవేణి మాత్రం ముట్టలేదు. మిల్లు నుంచి మళ్ళీ కబురొచ్చింది. విచారణలో ఓడిపోతే మర్నాడే మిషను దగ్గరికి వెళతానంటున్నాడు కనకరాజు, ఇల్లు గడవాలి కదా. ఒంటిచేత్తో ఆ బెల్టు ముందు. ఈసారి చెయ్యి మొత్తం పోతుందని ఆమె భయం. నాదీ అదే.

విచారణకి వెళ్ళి కూర్చో. నోరు తెరవకు. ఏం జరిగిందో నాకు రాయి. కనకరాజుకి నేను ఒకటే నేర్పాను, అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పమని. ఆయ్ అన్నాడు. అదే నా భయం.

మోకాలు ఎలా ఉంది?

జయమ్మ


అమలాపురం,
ఆగస్టు 22.

జయమ్మకు,

ఇప్పటికి వీరవేణి నీకూ మీ వీధికీ చెప్పే ఉంటుంది. అయినా రాస్తాను. నేను నోరు తెరవకుండా ఒక పూట కూర్చున్నానంటే దానికి రాతపూర్వకమైన ఆధారం ఉండాలి.

కమిషనరు భవానీదేవి గారు సీలు తీసి పైకి చదివారు. మొదటి పేరాలోనే గెల ఉంది. 'కానుక తిప్పి పంపడమైనది. పంపినవారు సీమోను, రిటైర్డు లెక్చరరు, అమలాపురం.' గదిలో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. యాభై ఏళ్ళుగా రాస్తున్నాను, నా పేరు ఒక్క ప్రభుత్వ ఆఫీసులోనూ ఎవరూ పైకి చదవలేదు. ఒక్క గెలతో సాధించాను.

మిల్లు వకీలు లేచాడు. “చూసేరా అండి, గెల మోసుకుంటూ వెళ్ళేడంట. ఇంక భుజానికి ఏమైందండి?”

“కూర్చోండి, ఇంకా ఉంది” అన్నారావిడ.

తరవాతిది నాకు కంఠస్థం వచ్చేసింది, ఆ రాత్రి మోహన్ దగ్గర కాపీ తీసుకుని అన్నిసార్లు చదివాను. 'మా ప్రాంతంలో గెల మోసేవాడు దాన్ని భుజాన వేసుకుని, చెయ్యి పైకెత్తి కాడ పట్టుకుంటాడు. ఇతను ఎడమ చంకన, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు తెచ్చాడు. కుడి చెయ్యి ఖాళీగా వేలాడుతోంది. కంట్లోకి చెమట కారితే, ఆ ఖాళీ చేత్తో తుడుచుకోకుండా, గెల కిందపెట్టి ఎడమ చేత్తో తుడుచుకున్నాడు. మళ్ళీ ఎత్తడానికి భార్య సాయం పట్టింది. నేను చూస్తున్నానని అప్పటికి అతనికి తెలియదు. నొప్పి ఉందా అని అడిగిన ప్రతిసారీ లేదన్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా నుదుట చెమట పట్టింది. అతని మాటలు మర్యాద కోసం అన్నవిగా భావించి లెక్కలోకి తీసుకోలేదు.' కండ ఎంత కరిగిందో, చెయ్యి ఎంత వరకు లేస్తుందో రెండు వైపుల కొలతలూ ఉన్నాయి. భుజం నష్టం ముప్పై శాతం. కానీ డొక్కలెత్తే పనికి ఈ జన్మలో పనికిరాడు, మిషను దగ్గర నిలబెట్టడం ప్రమాదం అని రాశాడు.

నేను అరవై అన్నాను, ఆయన సగానికి కోశాడు. ఆయన కత్తెర అలవాటు నాకు తెలిసిందే.

సుభాష్ అక్కడే ఉన్నాడు, పిలిస్తే వచ్చాడు. గెల మోసినవాడు డొక్కలు మోయలేడా అని వకీలు గట్టిగా అడిగాడు. “డొక్కలు తల ఎత్తుకి లేపి మిషనులో వెయ్యాలండి. చంకన పెట్టుకుని వేస్తే మనిషి కూడా లోపలికి పోతాడు” అన్నాడు. వకీలు తన కాగితాలు సర్దుకున్నాడు.

అప్పుడు భవానీదేవి గారు కనకరాజుని అడిగారు. “చెయ్యి ఎలా ఉంది?”

జయమ్మా, కనకరాజు నవ్వాడు, అలవాటుగా. “ఆయ్...” అన్నాడు. మోహన్ తల పట్టుకున్నాడు. వీరవేణి అతని వైపు చూడలేదు, నేల వైపు చూస్తోంది. కనకరాజు ఆమె వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

“బాగోలేదండి” అన్నాడు. “తల దువ్వుకోలేనండి. మా ఆవిడ దువ్వుతాదండి. క్షమించాలండి.”

చెయ్యి పోయినందుకు క్షమాపణ కోరిన మనిషిని నేను మొదటిసారి చూశాను. ఆవిడ తల వంచుకుని రాసుకున్నారు. నిన్న ఆర్డరు వచ్చింది. సుభాష్ రాసినదంతా ఒప్పుకున్నారు, మిల్లు పరిహారం కట్టాలన్నారు. మిషను దగ్గరికి వెళ్ళక్కర్లేదు. వీరవేణి కబురు పంపింది, ఈసారి పులుసులో ఉప్పు తగ్గిస్తుందట. వద్దని చెప్పు. ఎంత వేస్తే అంత తింటాను.

ఇక మిగిలింది. విచారణ అయ్యాక అందరూ లేచారు. నేను లేవలేదు. గౌరవం లేక కాదు. సుభాష్ నా బెంచీ దగ్గరికి వచ్చి ఒక చీటీ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఈసారి కూడా చెయ్యి అందించలేదు, నేను ఎలా లేస్తానో గుమ్మం దగ్గర ఆగి చూశాడు. చీటీ ఇది:

'మాస్టారికి. మీ నాలుగు పేజీలూ అందేయి. మొదటి మూడూ తీసెయ్యొచ్చు. ఆ రోజు మీరు మా మెట్లు ఎక్కడం చూశాను. శనివారం ఉదయం రండి. గెల వద్దు.'

నువ్వు ఈ వేసవంతా అడుగుతున్నావు కాబట్టి రాస్తున్నాను. మోకాలు బాగోలేదు జయమ్మా. కిందటి సంక్రాంతి ముందు నుంచే బాగోలేదు. చూపించుకోవాలంటే భయంగా ఉంది, అందుకే ఇంట్లో కూర్చుని డాక్టర్లందరినీ తిడుతున్నాను.

శనివారం పలివెల వెళుతున్నాను. ఖాళీ చేతులతో.

నీ అన్నయ్య
సీమోను